చుక్కి తోలు

ధర్మవరం దగ్గరి పల్లెలో తోలుబొమ్మలు ఆడించే కుళ్ళాయమ్మకు జీవకారుణ్యం గురించి ఎవరూ ఉపన్యాసం ఇవ్వలేదు. మేక తోలును గీకి, ఆరబెట్టి, దాని మీద సీతమ్మను గీసే ముందు మాత్రం దణ్ణం పెట్టి, "తప్పు కాయి తల్లీ" అనేది. చచ్చిన జీవి తోలుతో బొమ్మ చేయడం తప్పా కాదా అన్నది యాభై ఏళ్ళొచ్చినా ఆమెకు తేలలేదు. అందుకే ప్రతిసారీ అడిగేది.

హిందూపురం బట్టల వ్యాపారి భాస్కరయ్యగారికి ఇలాంటి సందేహాలు లేవు. ఆయన జీవకారుణ్య సంఘానికి అధ్యక్షుడు. 1958లో మహాసభ పెట్టి, వేదిక మీద నిలబెట్టడానికి అందమైన ప్రాణి కోసం వెతుకుతూ, కుళ్ళాయమ్మ ప్రాణంగా పెంచుకుంటున్న మేక చుక్కిని చూశారు.

"ఒక్కపూటకియ్యి. వచ్చే ఏడు సభలో మీ ఆట పెట్టిస్తా."

ఆట అనేసరికి కుళ్ళాయమ్మ మెత్తబడింది. "గడ్డి తప్ప ఏం పెట్టొద్దు సామీ, దానికి పడదు" అని మరీ మరీ చెప్పి ఇచ్చింది.

సభలో కారుణ్యం పొంగిపొర్లింది. అరవైమంది సభ్యులూ చుక్కికి పొంగలి తినిపిస్తూ ఫోటో దిగాలన్నారు. కళ్ళు మూతపడ్డాయేమోనని అనుమానం వచ్చినవాళ్ళు మళ్ళీ దిగారు. సాయంత్రం వందన సమర్పణ సగంలో ఉండగా చుక్కి కడుపుబ్బి చచ్చిపోయింది.

మేకను తీసుకుపోదామని అప్పుడే వచ్చిన కుళ్ళాయమ్మ దాన్ని ఒళ్ళో వేసుకుని గుండెలు బాదుకుంది. సంఘం రెండు నిమిషాలు మౌనం పాటించి, సమాధి కట్టాలని తీర్మానించింది.

"సమాధొద్దు సామీ. తోలు తీసి బొమ్మ చేసుకుంటా."

భాస్కరయ్యగారు చెవులు మూసుకున్నారు. "చచ్చిన జీవితో బొమ్మలాటా? నీకు మనసనేది ఉండాదా?"

"ఉండాది సామీ. మట్టిలో పెడితే మీరూ మరిచిపోతారు, నేనూ మరిచిపోతా."

ఎవరి మాటా వినకుండా చుక్కిని భుజాన వేసుకుని రైలెక్కింది. పెనుకొండ దాటేదాకా ఏడుస్తూనే ఉంది.

పదిమందిలో ఇచ్చిన మాట గనక మరుసటి ఏడు సభలో ఆట పెట్టించక తప్పలేదు. అడవి ఘట్టంలో బంగారు లేడి కంటే ముందు, నొసట తెల్లచుక్క ఉన్న మేక ఒకటి తెర మీదికి వచ్చింది. సీతమ్మ ముద్ద తినిపించబోయింది. మేక గబగబా వెనక్కి నడిచింది.

"నా మీద ప్రేమొద్దు తల్లీ, గడ్డి తిని బతుక్కుంటా!"

జనం పడీపడీ నవ్వారు. ముందు వరుసలో భాస్కరయ్యగారు కండువా సర్దుకుంటూ లేచి వెళ్ళిపోయారు.

తెర వెనక కుళ్ళాయమ్మ నవ్వలేదు. ఆట కోసం ఆశపడి మేకను వాళ్ళ చేతిలో పెట్టింది తనే. బొమ్మను పెట్టెలో పడుకోబెడుతూ, "తప్పు కాయి తల్లీ" అంది. తప్పా కాదా అన్న సందేహం ఈసారి ఆమెకు లేదు.