గూడూరు ఓడాలి, గూడూరు ఉండాలి

ఉల్లిగడ్డ కత్తి కింద చీలినప్పుడు లేచే ఘాటుకు అందరికీ కళ్లలో నీళ్లొస్తాయి. నాకు మాత్రం చేతులు లేస్తాయి. నిన్న పొద్దున మా ఆవిడ కూరకు ఉల్లిగడ్డలు కోస్తుంటే ఒకటి గట్టు మీది నుంచి జారింది. పేపర్ చదువుతున్నవాణ్ని తల ఎత్తకుండానే పట్టేశాను. "ఈ పిచ్చి పోదా నీకు?" అని నవ్విందామె. పోదు. అది సరోజనక్క పట్టించిన పిచ్చి.

మీరు సరోజనక్కను చూడలేదు, అది మీ దురదృష్టం. మహబూబాబాద్ స్టేషన్ రోడ్డులో ఆమెదొక టిఫిన్ సెంటర్. పొయ్యి దగ్గర భర్త మల్లయ్య బావ నోరు మెదపకుండా దోసెలు పోసేవాడు, గల్లా దగ్గర కూర్చున్న అక్క ఇద్దరి మాటలూ తానే మాట్లాడేది. మాట్లాడేది కూడా ఇడ్లీల గురించి కాదు, ఫుట్‌బాల్ గురించి. మా ఊరి జట్టుది నీలం జెండా. అది ఆమె తల వెనక గోడకు దేవుడి పటం పక్కనే వేలాడేది. మా ఆగర్భ శత్రువు, పక్కనున్న గూడూరు జట్టుది పసుపుపచ్చ. ఆ రంగు చొక్కా వేసుకొని ఎవడైనా లోపలికి వస్తే, వాడు ఏ ఊరివాడైనా సరే, ప్లేటులో చట్నీ పడేది కాదు.

విచిత్రం ఏమిటంటే అక్క పుట్టింది గూడూరులోనే. ఒక్కగానొక్క అన్న పిల్లల్లేకుండానే పోయాడు, ఇంటికి తాళం పడింది. మా అభిమానుల్లో పెద్ద గొంతు యాదగిరిది, ఆటో నడిపేవాడు. పొద్దున్నే చాయ్ గ్లాసు పట్టుకొని ఆమెను గిల్లేవాడు. "అక్కా, మీ తల్లిగారోళ్లు మళ్ల ఓడిండ్రట గదా!"

"ఓడనీ. పండుగకు ఒక చీర పెట్టెటోడు లేని ఊరు, గెలిస్తేంది, ఓడితేంది? నన్ను ఇచ్చిన ఊరే నా ఊరు" అని నవ్వేసేది. నవ్వి, ఊరికే ఒక గుడ్డ తీసుకొని తుడిచిన బల్లనే మళ్లీ తుడిచేది.

నేను ఆమె కంట్లో పడింది అలాంటి గొడవలోనే. తండా నుంచి డిగ్రీ చదవడానికి వచ్చిన కొత్త. యాదగిరి మాటకు ఒళ్లు మండి అక్క చేతికందిన ఉల్లిగడ్డ విసిరింది. అది వాడికి తగల్లేదు, నా వైపు వచ్చింది. కుడిచేతిలో ప్లేటు అట్లాగే ఉంచి ఎడమచేత్తో పట్టేశాను. అక్క నన్ను ఎగాదిగా చూసింది. "ఏ తండ బిడ్డా నీది? పేరేంది?" అని అడిగి, ఆ సాయంత్రమే రెక్క పట్టుకొని గ్రౌండుకు తీసుకుపోయింది. అప్పటి నుంచి నేను ఇడ్లీ తింటున్నా, పుస్తకం తిరగేస్తున్నా, "ఉల్లిగడ్డ!" అని ఒక కేక, వెంటనే గాలిలో ఉల్లిగడ్డ. పడేస్తే ఆ పూట కూరగాయలన్నీ నేనే కోయాలి.

పట్టడం నాకు తెలుసు. తెలియనిది అరవడం. ఇంట్లో మాది లంబాడీ మాట. నా తెలుగు వింటే కాలేజీలో నవ్వేవాళ్లు, అందుకని నోరు కుట్టేసుకొని తిరిగేవాణ్ని. గోల్ కీపర్ మూగవాడైతే ముందున్న నలుగురు డిఫెండర్లూ గుడ్డివాళ్లే. అక్క నన్ను గోల్ స్తంభానికి ఆనించి నిలబెట్టి చెప్పింది: "గోల్‌ల నిలబడ్డోడు మొత్తుకోవాలె తమ్మీ. నీ భాషల మొత్తుకో. ఎవడన్న నవ్వితే నాకు జెప్పు, వానికి చట్నీ బంద్." నెల తిరగకుండానే మా డిఫెండర్లు లంబాడీలో నాలుగు తిట్లు, రెండు దిక్కులు నేర్చుకున్నారు. నలుగురిలో నోరెత్తి మాట్లాడే మనిషినయ్యానంటే అది అక్క చలవే.

ఇక ఆ సీజన్. జనగామ, భూపాలపల్లి జట్లు పైన ఎక్కడో ఉన్నాయి. మేము నడిమధ్యన. గూడూరు మాత్రం ఓడీ ఓడీ అట్టడుగుకు చేరింది. అట్టడుగున మిగిలిన జట్టు కింది డివిజన్‌కు దిగిపోవాలి. మా వైపు అలా దిగిన ఏ జట్టూ తిరిగి లేవలేదు. కుర్రాళ్లు తలో పనికి పోతారు, గ్రౌండులో గేదెలు మేస్తాయి. గూడూరు ఆటలు అయిపోయాయి. జఫర్‌గఢ్‌కూ దానికీ పాయింట్లు సమానం, గోల్స్ లెక్కలో జఫర్‌గఢ్‌ది వెంట్రుకవాసి పైచేయి. మిగిలింది ఒక్క ఆట, మా మీద జఫర్‌గఢ్. మేము గెలిస్తే జఫర్‌గఢ్ దిగుతుంది. మేము ఓడినా, డ్రా చేసుకున్నా గూడూరు దిగుతుంది.

ఆ వారమంతా హోటల్లో ఇదే చర్చ. "ఇంకేముంది, గూడూరోళ్ల పని ఖతం! మనకు ఎట్లయినా కప్పు రాదు. ఓడితే మనదేం బోతది? జర చేతులు వదులు చెయ్, రవీ" అన్నాడు యాదగిరి నా భుజం మీద చెయ్యేసి. అందరూ బల్లలు చరిచారు. నిజం చెప్పాలంటే నాకూ ఆశ పుట్టింది. ఆ ఊరి వాళ్లు గోల్ వెనక నిలబడి నా తండా పేరెత్తి వెక్కిరించిన రోజులు నాకు గుర్తున్నాయి.

అక్క గల్లా దిగి వచ్చింది. "పక్కోనికి రెండు కండ్లు పోవాలని మనం ఒక కన్ను పొడుసుకుంటమారా? గూడూరును నేను ఓడగొట్టాలె. గ్రౌండుల, పదిమంది సూస్తుంటే, మూడు గోల్స్ ఏసి ఓడగొట్టాలె. అంతేగాని ఇంట్ల పండుకొని ఓడగొడ్తనా? వాళ్లు లేకుంటె మీరంత పొద్దున లేసి ఎవన్ని తిడ్తరు?" అని నా వైపు తిరిగింది. గొంతు తగ్గించింది. "తమ్మీ, కావాలని ఒక్కసారి వదిలిన చెయ్యి మళ్ల బిగుసుకోదు. నీ ఇష్టం ఇగ."

ఆట రోజు గ్రౌండు చుట్టూ నీలం జెండాలు, ఒక మూలన బిక్కుబిక్కుమంటూ గూడూరు వాళ్లు. మా కుర్రాడొకడు మొదటి సగంలోనే గోల్ కొడితే మా వాళ్లు చప్పట్లు కొట్టకుండా తల పట్టుకున్నారు. అలాంటి వింత నేను మళ్లీ చూడలేదు. ఆట ముగియబోతుండగా జఫర్‌గఢ్‌కు పెనాల్టీ దొరికింది. నా సొంత జనం లేచి నిలబడి అరిచారు: "వదిలెయ్! వదిలెయ్ రవీ!" అందరికంటే పెద్ద గొంతు యాదగిరిదే. నా చేతులు నిజంగానే బరువెక్కాయి. ఆటగాడు పరుగందుకున్నాడు. అప్పుడు గోల్ వెనక నుంచి, అంత గోలలోనూ, ఒక్క కేక వినిపించింది.

"ఉల్లిగడ్డ!"

ఎటు దూకానో నాకు తెలియదు. కళ్లు తెరిచేసరికి బంతి నా గుండెల మీద ఉంది. గూడూరు వాళ్లు మైదానంలోకి ఉరికొచ్చి నన్ను ఎత్తుకున్నారు. నా వాళ్లు మొహం తిప్పుకొని వెళ్లిపోయారు. అక్క మాత్రం చెంగుతో నా మొహం మీది దుమ్ము తుడిచి "శభాష్ రా" అంది. జీవితంలో నాకు చాలా సర్టిఫికెట్లు వచ్చాయి కానీ ఆ మాట ముందు అన్నీ చిత్తు కాగితాలే.

యాదగిరి కొన్నాళ్లు వేరే హోటల్లో తిని, అక్కడి ఉప్మా గొంతు దిగక తిరిగొచ్చాడు. మరుసటి సీజన్‌లో ఆ గూడూరే వచ్చి మమ్మల్ని మా గ్రౌండులో చితక్కొట్టింది. గెలిచినవాళ్లు గెలిచినట్లే డప్పు కొట్టుకుంటూ అక్క హోటల్‌కు వచ్చారు. అక్క పళ్లు నూరుతూ అందరికీ ఇడ్లీలు పెట్టింది, చట్నీ లేకుండా. వాళ్లు ఉత్త ఇడ్లీలే నవ్వుకుంటూ తిన్నారు.

పోయిన వానాకాలంలో అక్క పోయింది. స్నానం చేయించి, ముత్తైదువకు కట్టాల్సిన తల్లిగారి చీర కోసం పెద్దలు అడిగారు: "ఆమె తల్లిగారి దిక్కు ఎవలున్నరు?" ఎవరూ లేరు. మల్లయ్య బావ తల దించుకున్నాడు. బజారుకు ఎవరినన్నా పంపుదామని గుసగుసలాడుతుండగా గల్లీ మొదట్లో ఆటోలు ఆగాయి. గూడూరు జట్టు మొత్తం దిగింది. వాళ్ల కెప్టెన్ పళ్లెంలో పసుపు, కుంకుమ, చీర పట్టుకొని చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. "మా ఊరి ఆడబిడ్డ. చీర మేమే పెట్టాలె" అన్నాడు. చీర పసుపుపచ్చ.

"అక్క సూస్తె నీకు చట్నీ బందే" అన్నాడు యాదగిరి. అని, గోడకు తల ఆనించి భోరుమన్నాడు.

శత్రువుల రంగు చీర కట్టుకొని, మీద మా నీలం జెండా కప్పుకొని అక్క బయల్దేరింది. పాడె ముందు కొమ్ము ఒకటి నేను పట్టాను, రెండోది గూడూరు కెప్టెన్ పట్టాడు. వానకు దారంతా బురద, కాలు జారుతోంది. వెనక కొమ్ము మోస్తున్న యాదగిరి అన్నాడు: "పైలం రా రవీ. వదలకు."

వదల్లేదు.