మామ కారు వెడల్పు

చేతిలో ఛాయ్ గ్లాసుతో, తూర్పు ముఖంగా నిలబడి ప్రమాణం చేస్తున్నాను: ఇందులో ఒక్క అక్షరం కూడా కల్పితం కాదు. (నన్ను నమ్మనివాళ్లు మా ఊళ్లో చాలామంది ఉన్నారు. వాళ్లెవరూ ఇది చదవరు కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను.) ఆ రోజుల్లో మా చేవెళ్ల, మొయినాబాద్ వైపు మనిషి విలువను అతను దిగే బండిని బట్టి కట్టేవాళ్లం. జీపులోంచి దిగితే లీడరు, మోటార్ సైకిల్ మీంచి దిగితే కార్యకర్త, బస్సులోంచి దిగితే ఓటరు. మా మేనమామ సర్పంచ్ ఎన్నికలో నిలబడ్డాడు. ఆయనకున్నది అగ్గిపెట్టెలాంటి చిన్న తెల్ల కారు. ఎదురు నిలబడినాయనకు సందు నిండా పట్టే జీపు ఉండేది. అందుకే ఆయన్ను జీపు పటేల్ అనేవాళ్లం. ఆ జీపు ఊళ్లోకి వస్తే మేకలు కూడా మర్యాదగా పక్కకు జరిగేవి. మామ అంతకుముందు ఒకసారి ఓడిపోయి ఉన్నాడు. ఈసారీ ఓడితే ఇంక ఆ ఊసెత్తనని అత్తకు మాటిచ్చి మరీ నామినేషన్ వేశాడు. అంటే ఆయనకు ఇదే చివరి అవకాశం. ఆ అవకాశానికి డ్రైవర్ని నేను, డిగ్రీ పూర్తికాని ఇరవై రెండేళ్ల మేధావిని.

ప్రచారం మొదలైన రోజే మామ దిగులుగా అన్నాడు. "అల్లుడా, మన బండి జర సన్నగున్నదిరా. నేను దిగుతుంటే లీడర్ దిగినట్టు లేదు, అగ్గిపెట్టెలకెంచి పుల్ల ఎల్లినట్టున్నది." (మామ కూడా సన్నగానే ఉండేవాడు, కాబట్టి తప్పు పూర్తిగా కారుది కాదు.) "కొత్త బండి కొనలేం గని, ఉన్న బండిని ఎడల్పు చేద్దాం మామా" అన్నాను నేను, ఏదో బట్టలకు కుట్లు విప్పినంత తేలిగ్గా. చేవెళ్లలో మేం డిజైన్ భాయ్ అని పిలుచుకునే మెకానిక్ ఒకాయన ఉండేవాడు. ఏ బండి అయినా పుట్టినప్పుడు ఉన్నట్టు ఉండకూడదన్నది ఆయన సిద్ధాంతం. "ఫికర్ చెయ్యకన్నా, స్పేసర్లేస్త" అని మందపాటి బిళ్లలు తీశాడు. చక్రానికీ, అది బిగించే చోటుకీ నడుమ వాటిని పెడితే చక్రాలు నాలుగూ బయటికి జరుగుతాయి. "బండి రొమ్ము ఇరుసుకోని నిలబడ్డట్టుంటది సూడు!" అన్నాడు. నిజంగానే అలా నిలబడింది. అత్త మాత్రం ఇంటి గడపలోంచే చూసి, "గిదేందే, కప్ప మీదికి మొగులు దిక్కు సూస్కుంట కూసున్నట్టున్నది!" అంది. మామ ఆ మాట వినలేదు. కారు చుట్టూ తిరిగి, పక్కన చెయ్యి వేసి నిలబడి, తను కూడా కొంచెం వెడల్పయినట్టు ఊపిరి పీల్చుకున్నాడు.

మర్నాటి పొద్దున మా ప్రయాణం ఊరి చివరి వాడకు. ఆ వాడ ఓట్లు ఎటు పోతాయో ఎవరికీ తెలియదు, రొట్టెల అవ్వకు తప్ప. జొన్నరొట్టెలు చేసి అమ్మే ఆవిడ ఎటంటే వాడంతా అటు. అంతకుముందు రాత్రి వాన పడింది, దారంతా ఎర్రటి బురద. మడ్‌గార్డు ఎందుకుంటుందో నేను అప్పటిదాకా ఆలోచించలేదు. చక్రం దాని కింద ఉన్నంతసేపు బురద దానికి తగిలి కిందపడుతుంది. చక్రం దాన్ని దాటి బయటికి వచ్చిందంటే ఇక బురద ఇష్టం. మామ తెల్ల చొక్కా, తెల్ల పంచెతో, ముందు కిటికీలోంచి నడుము దాకా బయటికి వంగి రెండు చేతులూ జోడించాడు. నేను జీపు పటేల్‌కు తీసిపోకూడదని వేగం పెంచాను. అటూ ఇటూ నిలబడ్డ జనం గబగబా వెనక్కి జరుగుతున్నారు. "మామా, జనం తొవ్వ ఇడుస్తున్నరు సూసినవా, మన బండి పవర్!" అన్నాను గర్వంగా. బయటినుంచి, నోట్లో బురదతో, గుడగుడమని జవాబొచ్చింది. "నీ పవర్ల మన్నువడ! ఉరుకుతున్నర్రా, ఆపు!"

ఆపాను. సరిగ్గా రొట్టెల అవ్వ ఎదురుగా. ఆమె చేతిలో హారతి పళ్లెం. దీపం బుస్సుమని ఆరిపోయింది. కుంకుమ ఏదో బురద ఏదో తెలియడం లేదు. అవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుని, కనుబొమ్మల నుంచి నడుము దాకా ఎర్రగా మారిన మా అభ్యర్థిని చూసి అడిగింది.

"ఓటడుగనొచ్చినవా బిడ్డా, నాటేయనొచ్చినవా?"

"తప్పయిందే అవ్వా. తోలినోడు గీడనే ఉన్నడు, నా అల్లుడే. కొడితే వాన్ని కొట్టు, ఓటు మాత్రం నాకియ్యి."

"ముందుగాల్ల మొఖం కడుక్కో. గా మొఖానికి ఎవడేస్తడు?"

మామ కడుక్కున్నాడు. అవ్వ తన కొడుకు నీలం గళ్ల లుంగీ ఇచ్చింది. అది కట్టుకుని, బురద పడ్డ ప్రతి ఇంటికీ వెళ్లి, చెంబుతో నీళ్లు తనే పోసి, తనే క్షమించమని అడిగాడు. లుంగీలో ఉన్న అభ్యర్థిని చూడ్డానికి పక్క వాడ వాళ్లు కూడా వచ్చారు. ఆ రోజు నుంచి మామ కారెక్కలేదు, ఊరంతా నడిచాడు. ఓట్లు లెక్కపెట్టాక మామ గెలిచాడు. జనం ఆయన్ను భుజాల మీద కూర్చోబెట్టి, గులాల్ చల్లి, లెక్కింపు జరిగిన బడి నుంచి ఇంటిదాకా మోశారు. జీపు పటేల్ స్వయంగా వచ్చి చెయ్యి కలిపి, "గా బిళ్లలెక్కడ దొరుకుతయన్నా?" అని చెవిలో అడిగాడు.

ఇక ప్రమాణం సంగతి. స్పేసర్లు నిజం, బురద నిజం, అవ్వ అన్న మాట నిజం. ఆ వాడంతా మామకే వేసిన మాటా నిజం. మిగతా ఊరు వెయ్యలేదు. మామ ఓడిపోయాడు. గెలుపు నేను కల్పించింది. ఆ తర్వాత ఆయన మాట ప్రకారం మళ్లీ నిలబడలేదు. చాలా ఏళ్లు గడిచాక, (ఏ స్పేసరూ లేకుండానే నేను వెడల్పయ్యాక) మొయినాబాద్‌లో ఒక పెళ్లి విందులో ఈ కథ గెలుపుతో సహా చెబుతూ వెనక్కి తిరిగి చూద్దును కదా, ముసలి మామ వెనక కుర్చీలో కూర్చుని అంతా వింటున్నాడు. మామ కిళ్లీ ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకు మార్చుకుని, "గులాల్ చెప్పినవ్, బాగున్నది. డప్పులు మరిసినవేందిరా?" అన్నాడు. ఆ తర్వాత ఆయన వేళ్లు ప్లాస్టిక్ కుర్చీ చెయ్యి మీద మెల్లగా డప్పు వేస్తూనే ఉన్నాయి.