మా ఆడబిడ్డ కుట్టిన కవర్లు

మా ఆయన నాగేందర్‌కు చిన్ననాటి సామాన్ల పిచ్చి. అశోక్‌నగర్‌లో మా ఫ్లాట్‌కు ఎవరు వచ్చినా సరే, మంచినీళ్లు కూడా తాగనివ్వకుండా షోకేసు ముందు నిలబెడతాడు. “ఇది నా రేడియో, ఇది నా టేప్ రికార్డర్, ఇది నా కెమెరా” అని ఒక్కొక్కటీ తీసి తుడుస్తాడు. గ్యాస్ సిలిండర్ తెచ్చినతన్ని కూడా వదలలేదు. వినీ వినీ నా చెవులు చిల్లులు పడ్డాయి. ఆ కథల్లో వాళ్ల నాన్న ఉంటాడు, మేనమామ ఉంటాడు, దోస్తులు ఉంటారు. చెల్లెలు మంజుల మాత్రం ఒక్కదాంట్లోనూ ఉండదు.

మంజుల చిక్కడపల్లిలో, లైబ్రరీ వెనక సందులో బ్లౌజులు కుడుతుంది. హాస్టళ్లలో ఉండి పరీక్షలకు చదివే ఆడపిల్లలు డ్రెస్సులు బిగుతు చేయించుకోవడానికి ఆమె దగ్గరికే వస్తారు. ఆమె కుట్టు నేర్చుకున్నది ఆ సామాన్ల మీదే. అప్పట్లో రేడియో ఉన్న ఇంట్లో దానికో పూల కవరు ఉండాల్సిందే. కవరు కుట్టడం, ఉతకడం, దుమ్ము దులపడం ఇంటి ఆడపిల్ల పని. బటన్లు తిప్పడం మగపిల్లవాడి పని. మంజుల చెయ్యి దగ్గరికి పోతే చాలు, మా ఆయన ఆ చేతిమీద ఒక్కటి వేసేవాడట.

పోయిన నెల ఆయనకు అరవై నిండాయి. నారాయణగూడలో హాలు మాట్లాడాడు. స్టేజీ పక్కన బల్ల వేసి, ఆ మూడింటినీ పాతకాలం కవర్లతో పెట్టి, అందరి ముందూ ఒక్కొక్కటే తీసి చూపించాలని ఆయన ముచ్చట. సామాన్లు సంచిలో వేసుకుని మంజుల దుకాణానికి పోయాడు. నేనూ వెంట పోయాను.

“మంజులా, గప్పటి లెక్కనే కుట్టు. కొలతలకు ఈడనే పెడుతున్న. జర పైలం, బటన్లు ఒత్తకు.”

యాభై ఆరేళ్ల ఆడమనిషితో అన్న మాట అది! మంజుల కిందికి చూస్తూ టేపుతో కొలతలు తీసుకుంది. ఆయన వెళ్లిపోయాక కత్తెర పక్కన పెట్టి, ఎన్నడూ చెప్పని సంగతి నాకు చెప్పింది.

ఆమె ఏడో తరగతిలో ఉండగా, బళ్లో టీచరు నలుగురు పిల్లల్ని రేడియో స్టేషనుకు తీసుకెళ్లి పాడించింది. ఆదివారం పిల్లల కార్యక్రమంలో వేస్తామన్నారు. మంజుల ఆ పొద్దున కొత్త కవరు ఉతికి ఆరేసింది. తీరా ఆ వేళకు మా ఆయన క్రికెట్ కామెంటరీ పెట్టుకుని కూర్చున్నాడు.

“ఈ ఓవర్ అయిపోనియ్యి, పెడ్త అన్నడు వదినా. తర్వాత ఇంకో ఓవర్ అన్నడు. నేను తడి ఆరని కవరు పట్టుకొని నిలవడ్డ. అన్న పెట్టే వరకు కార్యక్రమమే అయిపోయింది. నల్లా కాడ ఎల్లవ్వ ‘ఎంత మంచిగ పాడినవే పిల్లా’ అన్నది. గల్లీ అంత విన్నది. నా గొంతు నేనొక్కదాన్నే వినలే.”

నాకు ఒళ్లు మండిపోయింది. ఇద్దరం అక్కడే కూర్చుని పథకం వేశాం. వదినా ఆడబిడ్డలు ఒక్కటైతే ఎట్లా ఉంటుందో ఆయనకు తెలియదు పాపం.

పుట్టినరోజు నాడు మంజులే ముందుగా వచ్చి సర్దింది; బల్ల మీద మూడు కవర్లు ముద్దుగా నిలబడ్డాయి. అంచులకు తెల్ల లేసు, మధ్యలో గులాబీలు. మా ఆయన మైకు పట్టుకుని, బాల్యం గురించి గొంతు గద్గదం చేసుకుని, మొదటి కవరు లేపాడు. కింద చెప్పుల డబ్బా, దాని చుట్టూ ఆయన చిరుగుల బనియను. రెండో దాని కిందా బనియనే. మూడో దాని కింద లుంగీ ముక్క. అవన్నీ ఏరి పంపింది నేనే. హాలంతా గొల్లుమంది.

“మంజులా! ఏంది తమాషా? నా రేడియో ఏది?”

“కవర్లు కుట్టుమన్నవ్, కుట్టిన. సామాన్లు నా దుకాన్ల ఉన్నయ్. మస్తు ఒత్తుతున్న బటన్లు.”

“గవి నావి!”

“వచ్చి తీస్కపో అన్న. ఒక్కటి చెప్పి తీస్కపో. నేను రేడియోల పాడిన నాడు, నా పాట యిననియ్యకుండ నువ్వు యిన్న ఆ మ్యాచ్ ఎవరు గెలిచిండ్రు?”

“నువ్వు రేడియోల పాడినవా?” అన్నాడాయన మైకులోనే. మంజుల ముఖం చూసి నాకు భయమేసింది. అంత కోపం ఆమెలో ఉందని నాకూ తెలియదు.

“మ్యాచ్ యాదికొచ్చినంక రా” అని, భోజనం చెయ్యకుండా వెళ్లిపోయింది.

అప్పటినుంచీ ఆయన ఫోనులో పాత స్కోర్లు వెతుకుతున్నాడు. ఎవరితో ఆడారో గుర్తులేదు, ఏ ఏడో గుర్తులేదు. దోస్తులకు ఫోన్లు చేసి అడిగాడు, వాళ్లు నవ్వారు. దుకాణం దాకా రెండుసార్లు పోయి, లోపల రేడియో మోగుతుంటే గడప బయటే నిలబడి వచ్చాడు.

నిన్న నా దగ్గరికొచ్చి, “శ్రీలక్ష్మీ, కనీసం అది ఏ తారీఖో జర అడిగి చెప్పు. తారీఖు దొరికితే మ్యాచ్ దొరుకుతది” అని బతిమాలాడు.

అడగాల్సిన పని లేదు. తారీఖు మంజుల ఆ రోజే నాకు చెప్పింది. ఆమెకు యాది లేదట అని చెప్పి, చిక్కుడుకాయలు తుంచుకోవడానికి వంటింట్లోకి పోయాను.