అ లేని బొంత

డాక్టర్ అనసూయ గారు పోయారన్న వార్త నాకు అందిన తీరు వింటే ముందు ఆవిడే నవ్వేవారు. గోదాములో పగటి షిఫ్టు మధ్యలో ఉన్నాను. ఆవిడ కూతురు మాలతి దగ్గర నుంచి ఫోనుకు సందేశం వచ్చింది: "శ్రీనివాస్ గారూ, అమ్మ ఫ్రీడ్లిష్ ఐన్‌గెష్లాఫెన్." ప్రశాంతంగా నిద్రపోయింది అని ఆ జర్మన్ మాటల అర్థం. నొప్పి వల్ల ఆవిడకు చాలాకాలంగా సరైన నిద్ర లేదని నాకు తెలుసు. హమ్మయ్య అనుకున్నాను. "మంచిగైంది. పండుకోనియ్యండి, లేపకండి" అని జవాబు రాసి, ఫోను జేబులో వేసుకుని మళ్లీ పెట్టెల పనిలో పడ్డాను.

ఇంటికి వెళ్లే బస్సులో ఉండగా నా భార్య ఫోను చేసింది. "డాక్టరమ్మ పోయిందట గదా" అంది. ఈ దేశంలో చావు కబురు ఆ మాటతోనే చెబుతారని అప్పుడు వెలిగింది. పన్నెండేళ్లుగా ఇక్కడ ఉంటున్నాను, ఆ మాట ఎన్నోసార్లు విన్నాను కూడా. అయినా ఆవిడ విషయంలో నా చెవికి నిద్ర అన్నంతే వినబడింది. సిగ్గుతో మాలతికి ఫోను చేశాను. ఆమె నొచ్చుకోలేదు. "మీ మెసేజ్ అమ్మ పక్కన కూర్చునే చదివాను. పైకే చదివాను, అమ్మకి కూడా" అంది.

నిద్ర అనే మాట ఆవిడ వృత్తికి సంబంధించినదే. తెనాలిలో పుట్టి, గుంటూరులో వైద్యం చదివి, పెళ్లయిన కొత్తలో భర్తతో జర్మనీ వచ్చి, రిటైరయ్యేదాకా ఆపరేషన్ గదిలో మత్తు డాక్టరుగా పనిచేశారు. మన తెలుగువాళ్లు ఈ ఊళ్లో వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది కూడా లేని రోజులవి. ఆ కాలం గురించి ఎవరైనా గొప్పగా అడిగితే ఆవిడ విసుక్కునేవారు. "నిద్రపుచ్చడం ఎవరైనా చేస్తారయ్యా. లేపడానికే డాక్టరు కావాలి" అనేవారు. వోల్ఫ్స్‌బర్గ్‌లో ఇప్పుడున్న మన కుటుంబాల్లో సగం మంది ఆవిడను ఆదివారం తెలుగు బడి టీచరమ్మగానే ఎరుగుదురు. కుట్టుపని చేసే అనసూయ గారిని ఎరిగినవాళ్లు తక్కువ. నేను రాయాలనుకున్నది ఆవిడ గురించే.

నేను ఆవిడకు శిష్యుణ్ని అయింది కుట్టు మీద ఇష్టంతో కాదు. హనుమకొండలో డిగ్రీ మధ్యలో వదిలేసినవాణ్ని. నా భార్యకు ఇక్కడ ఉద్యోగం వస్తే వెంట వచ్చినవాణ్ని. గోదాములో ఏ పెట్టె పక్కన ఏ పెట్టె పడితే చోటు మిగులుతుందో చూసుకుంటూ, ఇంట్లో పాత లెక్కల పుస్తకాలు తిరగేసుకుంటూ, కోణాలూ వైశాల్యాలూ నాకు నేనే నేర్చుకున్నాను. ఒక ఆదివారం మా అమ్మాయిని బడి నుంచి తీసుకెళ్లడానికి వచ్చి గుమ్మంలో నిలబడి ఉంటే, ఆవిడ నల్లబల్ల మీద పెద్ద సున్నా గీసి అడిగారు.

"ఏవయ్యా, ఈ గుండ్రటి గీతని సూటి గీతలుగా విరగ్గొట్టాలి. ఎన్ని ముక్కలు చేస్తే కంటికి గుండ్రంగానే కనబడుద్ది?"

"ఎంత దూరం నుంచి చూస్తరో చెప్పుండ్రి. అప్పుడు చెప్త" అన్నాను.

ఆవిడ చాక్‌పీసు కింద పెట్టేశారు. "రేపటి నుంచి మా ఇంటికి రా" అన్నారు.

విషయం ఏమిటంటే, ఆవిడ అక్షరమాల మొత్తాన్ని గుడ్డ ముక్కలతో కుట్టి బడి గోడకు వేలాడదీయాలనుకున్నారు. దానికి ఆవిడ ఎంచుకున్న పద్ధతి కాగితం మీద కుట్టేది. బొమ్మను కాగితం మీద గీసి, ఏ ముక్క తర్వాత ఏ ముక్కో అంకెలు వేసుకుంటారు. గీత లేని వైపు గుడ్డ పెట్టి, గీత ఉన్న వైపు నుంచి సరిగ్గా గీత మీదే మిషను నడుపుతారు. గుడ్డ మడతపెట్టి, ఇస్త్రీ చేసి, తర్వాతి అంకె ముక్క పెడతారు. అలా ఒక్కో అక్షరం ఒక్కో గడి అవుతుంది. పక్క గళ్లన్నీ కలిపి కుట్టేశాక కాగితాన్ని చింపి తీసేస్తారు. చిక్కల్లా ఏమిటంటే ఈ పద్ధతిలో సూటి గీతలే కుదురుతాయి. మన అక్షరాల్లో సూటిగా ఉన్నది ఒక్కటీ లేదు. జర్మన్ అక్షరమాల అయితే ఒక్క చలికాలంలో అయిపోయేది. మనకు 'ఱ' ఒక్కటే నెల తిన్నది.

మొదట కుట్టింది 'గ'. నేను గీశాను, ముక్కలుగా విభజించాను, అంకెలు వేశాను, ఆవిడ మిషను మీద కుట్టారు. తిప్పి చూస్తే కుడి ఎడమై ఉంది. కాగితానికి ఒకవైపు గీసినది గుడ్డ మీద అద్దంలో బొమ్మలా వస్తుందని నాకు తట్టలేదు.

"అమ్మా, ఉల్టా వచ్చింది" అన్నాను.

"ఏంటది, ఉల్టానా?" ఆవిడ కళ్లజోడు తీసి నవ్వారు. "మీ వరంగల్ వాళ్ల మాట బాగుందయ్యా. మేం తిరగబడింది అంటాం. అది పోట్లాటలా ఉంటది. ఉల్టా అంటే పాపం, తెలీక చేసినట్టుంది."

ఆ రోజు నుంచి ఆ మాట ఆవిడదైపోయింది. నాకు ఆ రోజే ఒక అలవాటు కూడా చేశారు. గీత గీసిన కాగితాన్ని, గీసిన వైపు అద్దానికి ఆనేలా కిటికీకి పెట్టాలి. వెలుతురులో వెనక నుంచి ఏది కనిపిస్తే అదే గుడ్డ మీద వస్తుంది. వెనక నుంచి చదవగలిగితేనే కుట్టాలి. ప్రతి అక్షరానికీ నేను కిటికీ దగ్గర నిలబడేవాణ్ని. ఆవిడ మిషను ముందు నుంచి తల తిప్పి చూసి, "ఊఁ, కుట్టు" అనేవారు. ఆ మాట వినిపించేదాకా సూదిలో దారం ఎక్కేది కాదు.

గుడ్డ విషయంలో ఆవిడతో ఎవరూ గెలవలేదు. వాడినవన్నీ ఆవిడ పాత నూలు చీరలే. మంగళగిరివి, వెంకటగిరివి, ఉతికి ఉతికి సాలెగూడులా పలచనైనవి. ఆవిడతో పాటు ఏళ్లుగా కుట్టుపని చేసే పక్కింటి ఇన్‌గ్రిడ్ గారికి ఇది మింగుడుపడలేదు. అంత నలిగిన గుడ్డ సాగిపోతుందని, కొత్తది కొనమని పోరారు. "కాగితం ఉంది కదా" అని అనసూయ గారి జవాబు. తర్వాత నాకు తెలుగులో చెప్పారు: "కాగితం విరిగిన చేతికి కట్టే సిమెంటు కట్టు లాంటిదయ్యా. ఎముక అతుక్కునేదాకా ఉండాలి. ముందే తీసినా తప్పే, ఎప్పటికీ తియ్యకపోయినా తప్పే." ఆవిడ దీన్ని క్విల్టు అననిచ్చేవారు కాదు. పాత చీరలతో కుట్టినప్పుడు అది బొంతే అనేవారు. పట్టుబట్టి ఇన్‌గ్రిడ్ గారితో కూడా అనిపించారు. ఆవిడ నోట్లో అది 'బోంటా' అయింది. ఆ వీధిలో జర్మన్ ముసలమ్మలు నలుగురైదుగురు ఇప్పటికీ బోంటా అనే అంటారు.

కొలతల విషయంలో మాత్రం ఆవిడా నేనూ పోట్లాడుకున్నాం. కుట్టు పక్కన వదిలే అంచు పావు అంగుళం ఉండాలని పద్ధతి. నా స్కేలు మిల్లీమీటర్లది. పావు అంగుళం ఆరుకు కాస్త పైన వస్తుంది, ఒక వరసకు ఆరు చాలుననుకున్నాను. అక్కడ తగ్గింది వెంట్రుకవాసే. కానీ వరసలో గళ్లు పెరిగేకొద్దీ తేడా పోగుపడి, ఆ వరస పక్క వరసకంటే చిటికెన గోరంత పొడుగొచ్చింది. "చిన్న తప్పు ఒక్కచోట ఉంటే తప్పు కాదు శీనయ్యా. అది అన్నిచోట్లా ఒకేలా ఉంటేనే చంపుద్ది. మత్తుమందులోనూ అంతే" అని, ఆ వరస మొత్తం విప్పించారు. నాకు మండిపోయింది. వారం రోజులు వాళ్లింటికి వెళ్లలేదు. ఆవిడ ఫోను చేసి, "అలిగావా? అలక అయిపోయాక ఇటు రా, పులిహోర చేశా" అన్నారు. విప్పిన వరసను మళ్లీ కుట్టేటప్పుడు కొలిచి చూశాను. వెంట్రుకంత తేడా కూడా లేదు.

అక్షరాలన్నిటిలో 'అ'ను మాత్రం ఆవిడ వాయిదా వేస్తూ వచ్చారు. అందులో మెలిక లోపల మెలిక ఉంటుంది, అన్నిటికన్నా కష్టం అదే అన్నది ఒక కారణం. "పైగా అది నా పేరు మొదటక్షరం. ముందే కుట్టుకుంటే ముసలిదానికి ఎంత గొప్పో అంటారు" అనేవారు. కిందటి వేసవికి మిగతావన్నీ అయిపోయాయి, ఒకదానికొకటి కలిపి కుట్టడమూ అయింది. మొదటి వరసలో మొదటి గడి ఒక్కటే ఖాళీ. ఆ గడి పడితే తప్ప చుట్టూ అంచు కట్టకూడదు, అంచు కడితే తప్ప వెనక కాగితాలు చింపకూడదు. ఈలోగా ఆవిడకు జబ్బు ముదిరింది. ఆసుపత్రి వద్దని ఇంటికి వచ్చేశారు. మంచం హాల్లో, గోడవారగా వేశారు.

చివరిసారి వెళ్లినప్పుడు "అ నేను గీసి తెస్త, అమ్మా" అన్నాను.

"నువ్వు గియ్యకు. నేనే గీస్తాను, నేనే చేత్తో కుడతాను. మిషను ముందు కూర్చోలేను గానీ వేళ్లు ఇంకా నావే."

"ముక్కలు నేను లెక్కగట్టిస్త. అంకెలేస్త."

"నీ లెక్కకి కాస్త సెలవియ్యవయ్యా. అలిసిపోయినట్టున్నావు" అన్నారు. అలిసిపోయిన మనిషి నన్ను చూసి ఆ మాట అన్నారు. టీ తాగి వచ్చేశాను.

ఆవిడ పోయిన మూడోనాడు మాలతి నన్ను రమ్మంది. అంత్యక్రియలు జరిపించే సంస్థ వాళ్లతో ముందుగా పెట్టుకోవలసిన టెర్మిన్లూ, కాగితాలూ, సంతకాలూ అని ఆమె కళ్లు లోతుకు పోయి ఉన్నాయి. ఇన్‌గ్రిడ్ గారు కాఫీ పోసి ఇచ్చారు. బల్ల మీద బొంత పరిచి ఉంది. పక్కన విడిగా ఒక గడి, వెనక కాగితంతో సహా. చిలకపచ్చ వెంకటగిరి చీర ముక్కలతో కుట్టిన 'అ'. మంచంలో పడుకుని చేత్తో వేసిన కుట్లు, మిషను వేసినంత చిన్నగా ఉన్నాయి.

"శ్రీనివాస్ గారూ, దీన్ని మీరు కలిపి కుడతారా? ట్రావర్‌ఫైయర్‌లో అమ్మ మీద కప్పాలి. తర్వాత బడికి ఇచ్చేద్దాం. అమ్మ అలాగే అంది" అని మాలతి అడిగింది. ఇక్కడ దహనానికి ముందు, హాల్లో అందరూ కూర్చుని వీడ్కోలు చెప్పే సభను ట్రావర్‌ఫైయర్ అంటారు.

నేను ఆ గడిని చేతిలోకి తీసుకుని చూశాను. మాలతికి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. అయినా నా ముఖం చదివింది.

"ఉల్టానా?" అంది.

ఉల్టానే. గోడవారనున్న మంచం మీద నుంచి కిటికీ దాకా ఆవిడ నడవలేకపోయారు. కాగితాన్ని అద్దానికి పెట్టి చూడలేదు. జీవితమంతా ఒక్క అక్షరం తప్పుగా రాయనివ్వని మనిషి తన పేరు మొదటక్షరాన్ని తిరగేసి కుట్టారు. ఇన్‌గ్రిడ్ గారు విషయం తెలుసుకుని, అలాగే కుట్టెయ్యండి, ఎవరికి తెలుస్తుంది అన్నారు. హాలుకు వచ్చేవాళ్లలో సగం మంది ఆవిడ దగ్గర అక్షరాలు దిద్దినవాళ్లే. వాళ్లందరికీ తెలుస్తుంది. విప్పి సరిచేద్దామంటే ఆ కుట్ల మీద కత్తెర పెట్టడానికి నాకు చెయ్యి రాలేదు. విప్పినా, అంత పలచని గుడ్డ మళ్లీ కుట్టుకు నిలవదు. ఆ చీరలో మరో ముక్క లేదు. మాలతి రెండు చేతులూ బల్ల మీద పెట్టి నా వైపే చూస్తోంది. తల్లి చేసిన ఆఖరి పని పనికొస్తుందా రాదా అన్నది నా నోటి నుంచి రావాలి.

గడిని వెనక్కి తిప్పాను. కాగితం వైపు, పెన్సిలుతో ఆవిడ గీసిన 'అ' ఉంది. చెయ్యి వణికిన గీతే గానీ, ఎడమ నుంచి కుడికి సరిగ్గా, బడిలో నల్లబల్ల మీద రాసినట్టే ఉంది.

"ఇటు నుంచి చూస్తే సరిగ్గనే ఉంది, మాలతి గారూ" అన్నాను. "అమ్మ ఉన్న వైపు నుంచి."

ఆమె కాగితం మీద వేలు పెట్టి ఆ గీత వెంబడే నెమ్మదిగా తిప్పింది. బహుశా ఆమె దిద్దిన మొదటి తెలుగు అక్షరం అదేనేమో. తర్వాత ఫోను తీసి ఆ సంస్థ వాళ్లను జర్మన్‌లో ఏదో అడిగింది. నూలు, కాగితం అయితే శవపేటిక లోపల పెట్టొచ్చని చెప్పారట. పెట్టె మూసే ముందు ఆ గడిని ఆవిడ గుండె మీద ఉంచాం, గుడ్డ పైకి, కాగితం ఆవిడ వైపు.

ట్రావర్‌ఫైయర్ రోజున మూసిన పెట్టె మీద బొంత పరిచారు. మొదటి వరసలో మొదటి గడి లేదు. ఆ చతురస్రంలోంచి లేత రంగు చెక్క కనబడుతోంది. బడిలో చదువుకుని ఇప్పుడు కాట్‌బస్‌లో మాస్టర్స్ చేస్తున్న ఒకమ్మాయి బయటికి వస్తూ నన్ను ఆపింది.

"అంకుల్, అ ఏది?"

"డాక్టరమ్మ దగ్గరుంది" అన్నాను.

బొంత ఇప్పుడు మా ఇంట్లో ఉంది. బడి పిల్లలకు అది ఇవ్వాలి, ఆవిడ మాట అది. 'అ' పడేదాకా వెనక కాగితం చింపడానికి లేదు గనుక, ముట్టుకుంటే గరగరలాడుతుంది. మాలతి మరో చీర ఇచ్చింది. మెలిక లోపలి మెలికను తొమ్మిది సూటి గీతలుగా విరిచాను, కోణాలు కూడి సరిచూసుకున్నాను, అంకెలు వేశాను. నా లెక్కలో పొరపాటు లేదు. ఈ ఊళ్లో ఇలాంటి మనుషులు ఇక రారు అని సభలో చాలామంది అన్నారు. నిజమే. నాకు మాత్రం అంత పెద్ద మాట చేతకాదు. ఆవిడకు నమస్కరించి, నాకు తెలిసిన ఒక్క సంగతి చెప్పి ఊరుకుంటాను.

నిన్న కాగితాన్ని కిటికీకి ఆనించి వెనక నుంచి చూశాను. అక్షరం సరిగ్గానే కనబడింది. అలవాటు కొద్దీ కాసేపు అక్కడే నిలబడ్డాను. "ఊఁ, కుట్టు" అన్న మాట వినబడలేదు. కాగితం మడిచి, బొంత మీద పెట్టాను.