ట్రంపెట్ వాయించేవారు కావలెను

తాడిపత్రిలో ఇంటర్నెట్ సెంటర్ పెట్టిన మూడో మనిషిని నేను. మొదటి ఇద్దరూ మూసేసుకుని పోయారు. అది కళ్ళారా చూసి కూడా పెట్టాను, ఎవరిననేది? నాలుగు కంప్యూటర్లు, ఒక ఇన్వర్టరు, రోజుకు ఆరు గంటల కరెంటు కోత. ఊళ్ళో బండలు కోసే దుమ్మంతా నా కీబోర్డుల మీదికే వచ్చేది. పరీక్షా ఫలితాలు వచ్చిన రోజు తప్ప మిగతా రోజుల్లో గుడ్డ పట్టుకుని దుమ్ము తుడుచుకోవడమే నా ఉద్యోగం.

2006లో దీపావళి దాటిన వారానికి శ్రీరంగప్ప మాస్టరు నా సెంటరుకు వచ్చాడు. ఆయనకు అప్పటికి యాభై ఎనిమిదేళ్ళు. క్లారినెట్ వాయిస్తాడు. వాళ్ళ నాయన పెట్టిన బ్యాండు మేళాన్ని నడిపేది ఆయనే. మా అమ్మానాన్నల పెళ్ళికి వాళ్ళ నాయన వాయించాడు, నా పెళ్ళికి ఈయన వాయించాడు. ఎర్ర కోటు, భుజాల మీద పసుపు కుచ్చులు, ఎండాకాలం మిట్టమధ్యాహ్నం కూడా మెడదాకా గుండీలు. గుండీ తీస్తే మేళానికి మర్యాద పోతుందనేవాడు.

"ఏమప్పా, దీంట్లో మనిషి కావల్లని రాస్తే ప్రపంచమంతా చూస్తారంట గదా" అన్నాడు, కంప్యూటరు వైపు గడ్డం చూపించి.

"చూస్తారు మాస్టరన్నా. ఎవరు కావల్ల?"

"ట్రంపెట్ వాయించేటోడు."

ఒకప్పుడు ఆ మేళంలో పదకొండు మంది ఉండేవాళ్ళు. కరువు మీద కరువు వచ్చి, పెళ్ళిళ్ళు గుడి మెట్ల మీదే అయిపోవడం మొదలయ్యాక ఒక్కొక్కరే బండల పాలిష్ ఫ్యాక్టరీలకు పోయారు. అక్కడ రోజూ పని దొరుకుతుంది, పెళ్ళి రోజూ దొరకదు. చివరికి మాస్టరు, పెద్ద డ్రమ్ము కొట్టే బయ్యన్న, ఇంకో ఇద్దరు మిగిలారు. ట్రంపెట్ అతను మేళం వదిలిపోయి రెండేళ్ళయింది. ఆ ట్రంపెట్ మాస్టరు ఇంట్లో దూలానికి వేలాడుతుండేది.

పెళ్ళిళ్ళకు ట్రంపెట్ లేకుండా ఎట్లాగో నెట్టుకొచ్చారు. శింగనమల దగ్గరి ఒక పల్లెలో గంగమ్మ జాతర మాత్రం అట్లా కాదు. యాభై ఏళ్ళుగా అమ్మవారి తేరు ముందు నడిచేది వీళ్ళ మేళమే. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఆ జాతరలో విని, అక్కడికక్కడే తమ ఇంటి పెళ్ళిళ్ళకు మాట్లాడుకునేవాళ్ళు. ఆ జాతర పోతే ఏడాదంతా పోయినట్టే. ఆ ఏడు ఊరిపెద్ద తిమ్మప్ప కబురు పెట్టాడు: పోయినసారి ట్రంపెట్ లేక వీధి చివరికి కూడా వినపడలేదు, కుర్రకారు డీజే బాక్సులు తెద్దామంటున్నారు, ఈసారి ట్రంపెట్ ఉంటేనే రండి అని. జాతర ఉగాది తర్వాత. మాస్టరు చేతిలో ఐదు నెలలున్నాయి.

ప్రకటనలు ఉచితంగా వేసుకునే సైటు ఒకటి తెరిచాను. చదువు ఏం కావాలి, అనుభవం ఎన్నేళ్ళు, ఏ రంగం అని అడిగింది. అందులో బ్యాండుకు రంగం లేదు. 'ఇతరములు' అన్నదాని కింద పెట్టాను. తెలుగు రాయనివ్వలేదు కాబట్టి నాకొచ్చిన ఇంగ్లీషులోనే రాశాను. మా సెంటరు ఫోను నంబరు ఇచ్చాను.

"భోజనం పెట్టి తాంబూలం ఇస్తామని రాయి" అన్నాడు మాస్టరు.

తాంబూలానికి ఇంగ్లీషు నాకు తెలియదు. తెలిసినా చదివేవాడికి ఏం అర్థమవుతుంది? అదే అన్నాను. మాస్టరు నాకు ఓపిగ్గా చెప్పాడు. కొత్త కళాకారుడు ఇంటికొస్తే ముందు అన్నం పెట్టాలి. తర్వాత ఆకూ వక్కా చేతికివ్వాలి. అది అందుకుంటే ఆ సీజనంతా అతను ఈ మేళం మనిషి. ఆ తర్వాతే వాద్యం బయటికి తీయమని అడగాలి.

"ముందు వాయించమని విని, నచ్చితే గదా ఇయ్యల్ల?" అన్నాను.

"అది ఎద్దుకు పళ్ళు చూసినట్టప్పా. మనిషిని అట్ల చూడకూడదు."

నాకు నవ్వొచ్చింది. ఆ మాటకు ఎందుకు నవ్వానా అని తర్వాత చాలాసార్లు అనుకున్నాను.

మొదటి వారం ఏమీ రాలేదు. మాస్టరు రోజూ పదకొండు గంటలకు వచ్చేవాడు. కూర్చోమంటే కూర్చునేవాడు కాదు, కుర్చీ గిరాకీదని. గుమ్మం దగ్గర నిలబడే "ఏమన్నా పడిందా?" అని అడిగేవాడు, వలేసినవాణ్ణి అడిగినట్టు.

తర్వాత పడటం మొదలైంది. పదిహేడు జవాబులు వచ్చాయి. అందులో పదకొండు డిగ్రీ చదివి ఖాళీగా ఉన్న పిల్లలవి. బీకాం పాసయ్యాను, ఏ పనైనా చేస్తాను, జీతం ఎంత అని. వాళ్ళు ప్రకటన చదవను కూడా లేదు, కనపడిన ప్రతి దానికీ అదే ఉత్తరం పంపుతున్నారు. బెంగళూరు నుంచి గిటారు వాయించే ఒకతను ఫోన్ చేసి మీరు స్టేజీ మీద వాయిస్తారా అని అడిగాడు. తేరు ముందు నడుస్తూ వాయిస్తామని చెబితే పెట్టేశాడు. ఇంకొకడు యూనిఫారం ఫోటో పంపమన్నాడు, పంపితే మళ్ళీ పలకలేదు. కళాకారుడినని చెప్పుకుని స్వయంగా వచ్చిన ఒక పెద్దమనిషి మాస్టరు ఇంట్లో కడుపునిండా తిని, చేయి కడుక్కుని, సంచిలోంచి బీమా కాగితాలు తీశాడు.

ఒకరోజు లండన్ నుంచి ఉత్తరం వచ్చిందని నోరు జారి చెప్పాను. మాస్టరు మొహం వెలిగింది.

"అంత దూరం నుంచి ఎట్ల వస్తాడప్పా? రైలు దిగినాక ఆటో నేను మాట్లాడతా."

అది లాటరీ తగిలిందని చెప్పే దొంగ ఉత్తరమని వివరించడానికి నాకు అరగంట పట్టింది. వివరిస్తున్నంత సేపూ నామీద నాకే అసహ్యం వేసింది. ఆ ప్రకటన వెయ్యకపోయినా బాగుండేదేమో.

జనవరి ఆఖర్లో వెంకటప్ప వచ్చాడు. ఊరు నల్లమాడ. కదిరిలో కంప్యూటర్ నేర్చుకుంటున్న వాళ్ళ అక్క కూతురు ప్రకటన చూసి చెప్పిందట. నలభై దాటిన మనిషి, బక్కగా, శుభ్రమైన తెల్ల చొక్కా. సొంత ట్రంపెట్ పాత తువ్వాలులో చుట్టుకుని తెచ్చుకున్నాడు. పన్నెండేళ్ళు కదిరి వైపు మేళాల్లో వాయించానన్నాడు. అది నిజమే. పై పెదవి మీది నొక్కు చూస్తే మాస్టరుకు తెలిసిపోయింది.

నేనే ఇంటికి తీసుకుపోయాను. మాస్టరు భార్య తిప్పమ్మ రాగిసంగటి, నంజుకోను చెనక్కాయల ఊరిబిండి పెట్టింది. భోజనం అయ్యాక మాస్టరు ఇత్తడి పళ్ళెంలో ఆకూ వక్కా పెట్టి రెండు చేతులతో ఇచ్చాడు. వెంకటప్ప కళ్ళకద్దుకుని తీసుకున్నాడు. అప్పుడు ట్రంపెట్ తీశాడు.

నాలుగు వరుసలు వాయించాడు. చాలా బాగుంది. బయ్యన్న మోకాలి మీద తాళం వేస్తున్నాడు. ఐదో వరుసలో దగ్గు వచ్చింది. ఆ దగ్గు ఎంతకూ ఆగలేదు. తిప్పమ్మ నీళ్ళిచ్చింది, తాగలేకపోయాడు. దగ్గు తగ్గాక తలవంచుకుని చెప్పాడు, మధ్యలో ఆరేళ్ళు పాలిష్ ఫ్యాక్టరీలో చేశానని.

"పొద్దున్నే అయితే బాగానే ఊదుతా మాస్టరూ" అన్నాడు.

"ఊదుదువులే. జాతరకు ఇంకా దినాలుండాయి" అన్నాడు మాస్టరు.

ఆ తర్వాత పదిరోజులకు అసలు జవాబు వచ్చింది. ధర్మవరం నుంచి సురేంద్ర అనే అతను రాశాడు. ఇరవై మూడేళ్ళు, తొమ్మిదేళ్ళుగా ట్రంపెట్. వాళ్ళ నాయనకు మేళం ఉండేదట, ఆయన పోయాక చెదిరిపోయింది. నాకు డ్రైవరు పని దొరుకుతుంది గానీ వాయించకుండా ఉండలేకపోతున్నాను, ఎక్కడికైనా వస్తాను అని ఉంది. ఆ ఉత్తరం పట్టుకుని మాస్టరు ఇంటికి పరుగెత్తాను.

మాస్టరు రెండుసార్లు చదివించుకున్నాడు. తర్వాత మెల్లగా, "చోటు లేదని రాసెయ్యి" అన్నాడు.

"అదేంది మాస్టరన్నా! ఇద్దర్నీ పెట్టుకో."

"ఒక వాద్యానికి ఇద్దరికి ఆకు ఇస్తే మొదటోన్ని పొమ్మన్నట్టే. వెంకటప్ప నా చేతి ఆకు తీసుకున్నాడు."

"ఆయనకు ఊపిరి లేదు."

"తెలుసు."

"తేరు పోతాది."

"తెలుసప్పా. నాకు చెప్తావా నువ్వు?"

నాకు ఒళ్ళు మండింది. పిలిచి పిల్లనిస్తామంటే కులం తక్కువన్నాడట వెనకటికొకడు! మూడు నెలలు గుమ్మం దగ్గర నిలబడి అడిగిన మనిషి, తీరా దొరికాక వద్దంటాడా? సెంటరుకు వచ్చి కోపంగా టైపు చేశాను, ఈ ఏడు చోటు లేదు అని. అంతటితో ఆపి ఉంటే సరిపోయేది. ఆ పిల్లవాడి ఉత్తరం మళ్ళీ చదివి మనసు ఊరుకోక ఇంకో ముక్క చేర్చాను. వచ్చే ఏడు తప్పకుండా రండి, మీ కోసం చోటు ఉంచుతాం. ఆ మాట మాస్టరు చెప్పలేదు. నేను ఆయనకు చెప్పనూ లేదు.

జాతరకు నేనూ పోయాను. ఎండ కణకణమంటోంది. వెంకటప్ప రెండు వీధులు బ్రహ్మాండంగా వాయించాడు. తిమ్మప్ప కూడా తల ఊపాడు. మూడో వీధిలో దగ్గు వచ్చింది. నాలుగో వీధిలో అతను ట్రంపెట్ పెదాలకు ఆనించుకుని, వేళ్ళు మాత్రం కదుపుతూ నడిచాడు. ఊదడం లేదు. మాస్టరు అది కనిపెట్టి క్లారినెట్ ఇంకా గట్టిగా ఎత్తుకున్నాడు, మెడ నరాలు తేలేటట్టు. బయ్యన్న డ్రమ్ము బాదుతున్నాడు. అయినా జనానికి తెలియకుండా పోతుందా? "ఓ అన్నా, ఊది చూపియ్యి" అని గుంపులోంచి ఒకడు అరిచాడు. అందరూ నవ్వారు. వెంకటప్ప వేళ్ళు కదుపుతూనే ఉన్నాడు. అతని చొక్కా కాలరు తడిసిపోయింది. నేను అటు చూడలేక తేరు వెనక్కి పోయాను.

తేరు నిలిచాక తిమ్మప్ప మాస్టరు చేతిలో కొబ్బరిచిప్పలు పెట్టాడు. తిట్టలేదు. "వచ్చే ఏడు నువ్వేమీ ఆయాసపడొద్దు శ్రీరంగప్పా. పిల్లోళ్ళు బాక్సులు మాట్లాడినారు" అన్నాడు. మాస్టరు కోటు గుండీలు మెడదాకా పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.

ఆ ఎండాకాలం పెళ్ళిళ్ళు మూడే వచ్చాయి. వానలకు ముందే వెంకటప్ప నల్లమాడకు వెళ్ళిపోయాడు. చలికాలంలో పోయాడని అతని అక్క కూతురు నా సెంటరుకు ఫోన్ చేసి చెప్పింది. ఊపిరి ఆడలేదట. బయ్యన్న లారీలకు బండలెత్తే పనిలో చేరాడు. మిగిలిన ఇద్దరూ బెంగళూరు పోయారు. మాస్టరు ఒక బండల యార్డులో వాచ్‌మన్‌గా కుదిరాడు. ప్రకటన తీసేయమని నాకు ఎవరూ చెప్పలేదు, నాకూ గుర్తు లేదు.

2008 మార్చిలో సురేంద్ర వచ్చాడు.

చేతిలో ట్రంపెట్ పెట్టె, జేబులో నేను పంపిన ఉత్తరం ప్రింటు. మడతల దగ్గర చిరుగుపట్టింది. "ఈ ఏడు రమ్మన్నారు గదన్నా" అన్నాడు. వచ్చే ముందు డ్రైవరు పని మానేశాడట. మేళం లేదని చెప్పలేక కుర్చీ చూపించాను. కరెంటు పోయింది. మాస్టరుకు కబురు పెట్టి ఎదురుచూస్తున్నాం. బస్సులో వచ్చి పెదాలు బిగుసుకున్నాయి, ఒక్క నిమిషం ఊదుకోవచ్చా అని అడిగాడు. ఊదుకోమన్నాను.

నాకు సంగీతం రాదు. కానీ ఎదురుగా టీ అంగడివాడు గ్లాసు చేతిలో పట్టుకుని బయటికొచ్చాడు. బండల లారీ డ్రైవరు ఇంజను ఆపాడు. ఆ శబ్దం తేరు ముందు ఉండి ఉంటే ఆ పల్లెలో బాక్సుల మాట ఎత్తేవాడు ఉండేవాడు కాదు.

మాస్టరు ఇంట్లో తిప్పమ్మ మళ్ళీ అదే సంగటి, అదే ఊరిబిండి పెట్టింది. సురేంద్ర ఉత్తరం తీసి చూపించాడు. మాస్టరు ఇంగ్లీషు చదవలేడు, నా వైపు తిరిగాడు.

"ఏమని రాసినావప్పా?"

"వచ్చే ఏడు రమ్మని."

"నేను చెప్పినానా?"

"లేదు మాస్టరన్నా."

ఆయన ఆ కాగితాన్ని పాత మడతల మీదే మడిచి సురేంద్ర చేతికిచ్చాడు. నన్ను తిట్టినా బాగుండేది.

సురేంద్ర చేయి కడుక్కుని వచ్చి చాప మీద కూర్చున్నాడు. మేళం ఇంట పుట్టినవాడు, పద్ధతి తెలుసు. స్తంభం దగ్గర ఇత్తడి పళ్ళెంలో తిప్పమ్మ నమిలే ఆకులున్నాయి. అటు ఒకసారి చూశాడు. మళ్ళీ చూశాడు. ఆఖరికి అతనే పెట్టె దగ్గరికి లాక్కున్నాడు.

"వాయించి చూపియ్యల్లా మాస్టరూ?"

"వద్దు నాయనా" అన్నాడు మాస్టరు. "ఆకు ఇయ్యకుండా వాయించమనకూడదు. ఇచ్చేదానికి నాకు మేళం లేదు."

సురేంద్రకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక లేచి మాస్టరు కాళ్ళకు దణ్ణం పెట్టాడు. ధర్మవరం బస్సు నాలుగింటికి ఉందని మాస్టరే చెప్పాడు. అతను సందు మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడి చూశాడు. ఆయన కళ్ళు అతని చేతిలోని ట్రంపెట్ పెట్టె మీదే ఉన్నాయి.

లోపలికి వచ్చి నా పక్కన కూర్చుని, అటు తిరిగి అడిగాడు.

"నీ అంగట్లో ఊదినాడా వాడు?"

"ఆ, కొంచెంసేపు."

"ఎట్ల వాయిస్తాడు?"

"అంతంత మాత్రమే మాస్టరన్నా" అన్నాను.

మాస్టరు చాలాసేపు తల ఊపుతూ కూర్చున్నాడు.

"అట్లయితే సరేలే" అని, లేచి పళ్ళెంలో ఆకుల మీద తడిగుడ్డ కప్పాడు.