లేత బూడిద రంగు పాట

ఆ రోజుల్లో ఏ పనికైనా దాని మీద ఓ పుస్తకం చదివితే చాలు, ఆ పని వచ్చేసినట్టేనని నా గట్టి నమ్మకం. ఈత గురించి చదివి చెరువులో దూకే రకాన్నన్నమాట. దూకలేదంటే దానికి కారణం నా వివేకం కాదు, అమెరికాలో, ప్లెయిన్స్‌బరోలో మేమున్న అపార్ట్‌మెంట్ల మధ్య బాతుల కోసం తవ్విన చెరువు మోకాలి లోతైనా ఉండేది కాదు. పెళ్ళయిన కొత్త. మావారి వీసా ఆయన్ని ఉద్యోగానికి వెళ్ళమనేది, నా వీసా నన్ను ఇంట్లో కూర్చోమనేది. కారు నడపడం రాదు. నడిచి వెళ్ళగలిగిన చోట్లలో కాస్త మనుషులు కనబడేది లైబ్రరీ ఒక్కటే. అక్కడ నువ్వేం చదువుకున్నావని ఎవరూ అడగరు, అడిగినన్ని పుస్తకాలిచ్చి నవ్వుతూ పంపిస్తారు. అలా అట్ట బాగుందని ఓ రోజు తెచ్చుకున్న పుస్తకం, వెబ్‌సైట్లూ యాప్‌లూ మనుషులకు వాడటానికి వీలుగా, చూడటానికి ఇంపుగా ఎలా తయారు చేయాలో చెప్పే పుస్తకమైంది. (అట్ట చూసి తీసుకున్నానంటే ఆ పుస్తకంలో చెప్పింది నిజమేనన్నమాట అని మావారితో వాదించాను కూడా.)

చదివిందల్లా వెంటనే ఎక్కడో ఒకచోట అమలు చేయాలి కదా. నాకు దొరికింది వంటిల్లు. ఒకేలా కనిపించేవాటిని ఒకచోట చేర్చాలని పుస్తకం చెప్పింది కాబట్టి డబ్బాలన్నీ రంగుల వారీగా సర్దేశాను. పంచదార, ఉప్పు, బొంబాయి రవ్వ ఒకే తల్లి పిల్లల్లా పక్కపక్కనే తెల్లగా కూర్చున్నాయి. అనవసరమైన అక్షరాలు కంటికి భారమని డబ్బాల మీది చీటీలు కూడా పీకేశాను. మర్నాడు పొద్దున్న మావారు కాఫీ ఒక గుక్క తాగి, కప్పు నెమ్మదిగా కింద పెట్టి, "డిజైన్ బాగుంది. కాఫీ మాత్రం సముద్రంలా ఉంది," అన్నారు. అది వాడేవాడి పొరపాటు అని నేను తేల్చేశాను.

ఇక మా తెలుగు చర్చి సంగతి. ఓ అమెరికన్ చర్చివాళ్ళు పొద్దున్న తమ ఆరాధన ముగించుకుని వెళ్ళాక, మధ్యాహ్నం ఆ హాలును మేము అద్దెకు తీసుకునేవాళ్ళం. గుంటూరు, తెనాలి, బందరు వైపు నుంచి వచ్చినవాళ్ళే ఎక్కువ. పాటల పుస్తకాలు ఎవరి సూట్‌కేసులో వాళ్ళు తెచ్చుకున్నవి, ఒక్కో ముద్రణలో పాట నంబరు ఒక్కోలా ఉండేది. అయ్యగారు (మా పాస్టర్‌గారు) ఫలానా పాట అనగానే హాలంతా పేజీల గలగల, "మా దాంట్లో లేదే", "వెనక చూడండి, వెనక చూడండి" అనే గుసగుసలు. మావారు కీబోర్డు మీద వాయించిన ముందు సంగీతమే మళ్ళీ మళ్ళీ వాయిస్తూ కూర్చునేవారు. ఇది చూసి నాలోని లైబ్రరీ పాఠకురాలు ఊరుకోలేకపోయింది. పాటలన్నీ తెర మీద చూపించే బాధ్యత నాకివ్వమని అయ్యగారిని అడిగాను.

"మంచిదేనమ్మా. పుస్తకాలు కూడా ఉంచుదాం, పెద్దవాళ్ళకి అలవాటు కదా," అన్నారు.

"రెండు చోట్ల చూపిస్తే మనసు చెదురుతుంది అయ్యగారూ. పుస్తకంలో ఉంది."

"ఏ పుస్తకంలో?" అని ఆయన ఒక్క క్షణం కంగారుపడ్డారు. (ఆయనకు పుస్తకమంటే ఒకటే.) చెప్పాక, సరేనన్నారు. ఇళ్ళ నుంచి తెచ్చిన పుస్తకాలన్నీ ఓ అట్టపెట్టెలో సర్ది, మా కారు డిక్కీలో పెట్టేశాను.

ఆ వారమంతా నేను పడిన కష్టం ఇంకెవరూ పడి ఉండరు. ఖాళీ స్థలం కంటికి విశ్రాంతి అని చదివాను కాబట్టి, విశాలమైన తెల్లటి తెరలో ఓ మూల మాత్రమే అక్షరాలు పెట్టాను. అరిచినట్టుండే నలుపు వద్దనుకుని లేత బూడిద రంగు వాడాను. వరుసల మధ్య దూరం ఎంత ఉండాలో పుస్తకం చెప్పినంతే ఉంచాను. ఆ పుస్తకం రాసిన దొరగారికి వత్తుల సంగతి తెలియదు కదా. పై బెర్తులో పడుకున్నవాళ్ళ కాళ్ళు కింది బెర్తువాళ్ళ నెత్తి మీద వేలాడినట్టు, పై వరుస వత్తులు కింది వరుస గుడుల మీదికి దిగాయి. చెప్పిందే చెప్పడం వృథా అని రాసి ఉంది కాబట్టి పల్లవి మొదట ఒక్కసారే చూపించి, ఆ తర్వాత చరణాలే వరుసగా పెట్టాను. సాయంత్రం చీకటిపడ్డ గదిలో, లాప్‌టాప్ ముందు కూర్చుని చూస్తే అది పాటలా లేదు, పెళ్ళి శుభలేఖలా ఉంది. నాకు కళ్ళు చెమర్చాయి.

ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలకు మా హాలు పడమటి కిటికీల్లోంచి ఎండ తిన్నగా తెర మీద పడుతుందని నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. మొదటి పాట వేశాను. హాలంతా తెర వైపు చూసింది. తెర హాలు వైపు చూసింది. వెనక వరుసలోంచి తెనాలి మామ్మగారి గొంతు వినిపించింది. కొడుకు దగ్గర ఆరు నెలలు ఉండటానికి వచ్చిన పెద్దావిడ, గొంతు గంటలా ఉంటుంది.

"అమ్మాయ్, గోడ శుభ్రంగా ఉంది. పాటేదీ?"

కొందరు కంఠస్థం వచ్చినంత పాడారు. మొదటి చరణం అయ్యాక సగంమంది అలవాటు కొద్దీ పల్లవికి వెళ్ళారు. ముందు వరుసలవాళ్ళు కళ్ళు చిట్లించి తెరనే నమ్ముకుని రెండో చరణంలోకి దూకారు. రెండు పార్టీలూ పట్టు వదల్లేదు. మావారు మధ్యలో ఎటు వెళ్ళాలో తెలియక ఒకే మెట్టు మీద వేలు పెట్టి ఉండిపోయారు. మామ్మగారి మనవరాలు, తొమ్మిదేళ్ళ చిట్టి, ఆ సందడిలోనే అందరికీ వినిపించేలా, "మామ్మా, వాళ్ళు ఫైట్ చేస్తున్నారా?" అని అడిగింది. అయ్యగారు కళ్ళు మూసుకుని, "ప్రార్థన చేసుకుందాం," అన్నారు. ఆ పాటకు అంతకన్నా మంచి ముగింపు దొరికేది కాదు.

ఆరాధన తర్వాత టీ దగ్గర పకోడీ ఆంటీ (ప్రతి ఆదివారం పకోడీలు తెచ్చేది ఆవిడే, మాటలు కూడా అలాగే కరకరలాడతాయి) నా ప్లేటులో నాలుగు వేసి, "ఉపవాస ప్రార్థన చేశాను గానీ అమ్మాయ్, ఉపవాస పాట ఇవాళే పాడాను," అంది. అయ్యగారు దగ్గరికి వచ్చి మెల్లగా, "వచ్చే వారం పుస్తకాలు తెచ్చేద్దామమ్మా. మామ్మగారి వీడ్కోలు పాట ఉంది కదా," అన్నారు.

మా చర్చిలో అదో ఆనవాయితీ. ఇండియాకు తిరిగి వెళ్ళే పెద్దవాళ్ళు ఆ చివరి ఆదివారం తమకిష్టమైన పాట ఎత్తుకుంటారు, అందరం లేచి నిలబడి అన్ని చరణాలూ పాడతాం. అలాంటి పాటను పాడుచేసే హక్కు నాకు లేదు. తల ఊపాను. కానీ మామ్మగారు ఊరుకోలేదు.

"పుస్తకం నాకెందుకండీ అయ్యగారూ, నాకు నోటికొచ్చు. దీనికో?" అని చిట్టి భుజం పట్టుకుంది. "దీనికి తెలుగు అక్షరాలు రావాయె. ఆరు నెలల నించీ నా పక్కన నించుని చేపలాగా నోరు తెరుస్తుంది, మూస్తుంది. ఒక్కసారి ఇది నాతో కలిసి పాడితే వినాలని ఉంది. ఈ మోకాళ్ళు మళ్ళీ విమానమెక్కనిస్తాయో లేదో."

"మామ్మా, ఐయామ్ నాట్ ఎ ఫిష్," అంది చిట్టి.

"ఈ పిల్ల ఏదో చదువుతోంది కదా, ఇంకో వారం చదవనివ్వండి," అని నన్ను చూపించింది మామ్మగారు. అయ్యగారు ఒప్పుకున్నారు. పుస్తకాల పెట్టె మాత్రం కారులో ఉంచమన్నారు.

సోమవారం లైబ్రరీ తలుపులు తీసేసరికి నేను అక్కడ ఉన్నాను. అసలు సంగతేమిటంటే, ఆ పుస్తకం చివరి అధ్యాయం నేను చదవలేదు. గడువు తేదీ దగ్గరపడటంతో తిరిగిచ్చేసి, మొత్తం చదివినట్టే ప్రకటించుకున్నాను. ఇప్పుడు నిలబడే చదివాను. మీరు తయారు చేసిందాన్ని రేపు వాడబోయే మనుషుల ముందు పెట్టండి, పక్కన కూర్చోండి, నోరు మూసుకోండి అని ఉంది అందులో. నేను చూపించింది ఎవరికి? కీబోర్డు దగ్గర తెరకు వీపు పెట్టి కూర్చునే మావారికి. ఆ తర్వాత నాకు. సండే స్కూలు నాటి నుంచి పాటలన్నీ నోటికొచ్చిన నేను, తెర ఖాళీగా ఉన్నా చదివేయగలను.

ఆ సాయంత్రమే లాప్‌టాప్ పట్టుకుని మామ్మగారింటికి వెళ్ళాను. వంటగట్టు మీద దాన్ని పెట్టి, మామ్మగారినీ చిట్టినీ హాల్లో ఆ చివర సోఫాలో కూర్చోబెట్టాను. అన్నిటికన్నా కష్టమైంది నోరు మూసుకోవడం.

"ఏమ్మా, సిరా కరువొచ్చిందా, ఇంత సన్నగా రాశావు?" అంది మామ్మగారు. పెద్దవి చేశాను. "ఇంకా." చేశాను. "ఈ ఒత్తు ఎవరిది, పైదా కిందదా?" వరుసలు దూరం జరిపాను. నా ఖాళీ స్థలమంతా అక్షరాల కిందకే పోయింది.

"ఆంటీ, నా లైన్ ఎక్కడ ఉంది?" అంది చిట్టి. "ఇది నాకు రాదు. ఇంగ్లీష్ లెటర్స్‌లో పెట్టు."

"పెట్టండి అనాలే," అంది మామ్మగారు.

"పెట్టండి. ఎల్లోలో పెట్టండి."

పెట్టాను. ప్రతి చరణం తర్వాత చిట్టి ఆగిపోయి, "నౌ వాట్?" అన్నట్టు మామ్మ మొహం చూసేది. పల్లవిని వెనక్కి పిలిచి, ప్రతి చరణం తర్వాతా కూర్చోబెట్టాను. చివరికి తయారైంది చూస్తే నల్లటి తెర, బండ తెల్ల అక్షరాలు, కింద పసుపు వరుస, అచ్చం హైవే పక్క గ్యాస్ స్టేషన్ (మన పెట్రోలు బంకు) బోర్డు. ఇంటికొచ్చి మావారికి చూపించి, "అందం పోయింది కదండీ," అన్నాను. ఆయన వెనక్కి వెనక్కి నడిచి, గది గోడకి ఆనుకుని, "ఇక్కడికి కనిపిస్తోంది. అందం సంగతి దగ్గరికొచ్చాక చూసుకుందాం," అన్నారు.

ఆదివారం ఎండ ఎప్పటిలాగే వచ్చింది. మామ్మగారు ముందుకొచ్చి నిలబడి పాట ఎత్తుకుంది. పక్కన చిట్టి, మెడ చాచి, తెర మీది పసుపు వరుసను వేలితో గాల్లోనే చూపించుకుంటూ. మొదటి పల్లవి గొణిగింది. రెండోసారి పల్లవి వచ్చేసరికి దానికి ధైర్యమొచ్చింది. ళలన్నీ లలయ్యాయి, ణలు ఎటు పోయాయో తెలియదు, కానీ గొంతు మాత్రం మామ్మదే, గంట. మూడో చరణంలో మామ్మగారు పాడటం ఆపేసింది. మళ్ళీ ఏం తప్పు చేశానోనని తెర చూశాను. తెర బాగానే ఉంది. ఆవిడ ఊరికే తల వంచి, ఆ పిల్ల పాడటం వింటోంది. తర్వాత పైట చెంగుతో ముక్కు తుడుచుకుని, పల్లవి దగ్గర మళ్ళీ కలిసింది. హాలంతా ఒకే పార్టీగా పాట ముగించింది. పుస్తకాల పెట్టె డిక్కీలోనే ఉండిపోయింది.

టీ దగ్గర నేను కాస్త ఎక్కువగానే కనబడేలా నిలబడ్డాను. మెచ్చుకోళ్ళు మొదలయ్యాయి. మామ్మగారి గొంతును మెచ్చుకున్నారు. చిట్టిని ఎత్తుకుని ముద్దులాడారు. మావారి కీబోర్డు కూడా బాగుందన్నారు (ఆయన వాయించింది ఎప్పుడూ వాయించేదే). తెర మాట ఒక్కరూ ఎత్తలేదు. చివరికి పకోడీ ఆంటీ నా వైపు వస్తుంటే ఆశగా ప్లేటు సవరించుకున్నాను. పాట మొదలైనప్పటి నుంచి ముగిసేదాకా తెర మీంచి చూపు తిప్పకుండా, అన్ని చరణాలూ చదువుతూ పాడిన మనిషి ఆవిడే, నా కళ్ళతో చూశాను.

"ఇంతకీ అమ్మాయ్," అంది పకోడీలు వేస్తూ, "ఇవాళ స్క్రీన్ పెట్టలేదేం?"

ఆ రోజంతా ఉడుక్కున్నాను. తర్వాత వీసా మారింది, కారు నడపడం వచ్చింది, ఆ పుస్తకంలో చెప్పిన పనే నా ఉద్యోగమైంది. మీటింగుల్లో తెర మీద నా పని చూపించగానే ఎవరైనా "వావ్" అంటే ఇప్పటికీ నాకు లోపల చిన్న అనుమానం మొదలవుతుంది, చిట్టిలాంటివాళ్ళకు ఇందులో తమ వరుస దొరుకుతుందా అని. ఎవరూ ఏమీ అనకుండా పని చేసుకుంటూ పోతే పకోడీ ఆంటీ గుర్తొచ్చి నవ్వుకుంటాను. అప్పుడప్పుడు అటువైపు వెళ్ళినప్పుడు, బాతుల చెరువు పక్కన భుజానికి పుస్తకాల సంచీ వేసుకుని చకచకా నడిచిపోతున్న, పెళ్ళయిన కొత్తలోని ఆ అమ్మాయి కళ్ళ ముందు కదులుతుంది. ఆపి చెప్పాలనిపిస్తుంది, ఉడుక్కోకే, నీ పనికి అంతకన్నా గొప్ప మెప్పు ఇంకెవరూ ఇవ్వరని. కానీ నాకు తెలుసు, ఆ పిల్ల వినదు. సంచీ సర్దుకుని, "ఏ పుస్తకంలో ఉంది?" అని అడుగుతుంది.