తెర మీది పిట్ట

సూదక్క అసలు పేరు నాటకశాలలో ఎవరికీ గుర్తులేదు. వేషాలకు బొత్తాలు కుట్టడం, చిరుగులు కలపడం ఆమె ముప్పై ఏళ్ల పని. వేదిక మీది పాత పట్టుతెర జోలికి మాత్రం, దాని కుట్టుపని చూసుకునే పిన్ని ఆమెను ఎన్నడూ రానివ్వలేదు. తల్లి లేని పిల్లను తెచ్చి పెంచి, సూది పట్టడం నేర్పిన మనిషి, ఆ తెర దగ్గరికి వచ్చేసరికి పరాయిదైపోయేది. "నీ కుట్టు నీకు దొరకనీవే, అప్పుడు చూద్దాం" అనేది. ఆ చూద్దాం చూద్దామంటూనే పోయిన చలికాలం కన్నుమూసింది.

ఈమధ్య తెర నడుమ కుట్టి ఉన్న పిట్ట దారాలు చివికి రాలిపోయాయి. మేనేజరు ఒక ఫోటో ఇచ్చి, "అచ్చుగుద్దినట్టు ఇదే రావాలి సూదక్కా. వారసత్వ సంపద. సొంత తెలివి చూపించకండి" అన్నాడు.

సూదక్క అతన్ని ఆఫీసు గోడ దగ్గరికి తీసుకెళ్లింది. అక్కడ మరో రెండు పాత ఫోటోలున్నాయి. ఒకదాంట్లో పిట్ట తల వంచింది. రెండోదాంట్లో రెక్క విప్పింది.

"వీటిలో అసలుది ఏది సార్?"

మేనేజరు కళ్లజోడు సవరించుకున్నాడు. "మూడూ మీ పిన్నిగారు కుట్టినవేగా?"

"చివికినప్పుడల్లా కుట్టింది. ఒకసారి కుట్టినట్టు ఇంకోసారి కుట్టలేదు." వేదిక మీదికి నడిపించి, తెర వెనకవైపు తిప్పి చూపించింది. "పిన్ని కుట్ల కింద ఈ బెజ్జాలు చూడండి, ఆమెకు ముందువాళ్లవి. కాపీ కొట్టమంటే కొడతాను. ఇంతమందిలో కాపీ కొట్టింది నేనొక్కదాన్నే అవుతాను."

"పిట్ట బదులు పిల్లి వస్తే నా ఉద్యోగం ఊడుతుంది."

"పిల్లిని కుట్టేంత ఓపిక నాకెక్కడిది లెండి."

అతను ఫోటో వెనక్కి తీసుకున్నాడు.

వారం రోజులు వేదిక మీదే బాసింపట్టు వేసుకుని కుట్టింది. పాత బెజ్జం దొరికిన చోట అందులోంచే సూది పోనిచ్చేది. అప్పుడు పిన్ని వేళ్లు తగిలినట్టయి పని ఆగిపోయేది. ఇక్కడ రెక్క ఎందుకు మార్చావు, ఏం చూసి మార్చావు అని అడగాలనిపించేది. మనిషి పక్కనున్నన్నాళ్లూ ఒక్కనాడూ అడగలేదు. చివరికి సూదక్క చేతిలో పిట్ట మెడ తిప్పి వెనక్కి చూసింది.

మేనేజరు దూరం నుంచీ, దగ్గర నుంచీ చూశాడు. "బాగుంది. అయిపోయిందిగా ఇంక."

"ఎక్కడ సార్, ముక్కు దగ్గర తేడాగా ఉంది. రేపొచ్చి చూస్తా."

అతను నవ్వాడు. "మీ పిన్నిగారూ ఇంతే. ఆ పిట్ట పూర్తయిందని నా ఎరుకలో ఏనాడూ అనలేదు."

సూదక్క సూదిని దారపుండకు గుచ్చింది. ఇంటికి వెళ్దామని లేచినదల్లా, కుర్చీ అతని దగ్గరికి లాక్కుని కూర్చుంది.

"ఇంకేమనేది సార్?"